ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మన నాగార్జునకొండ

ఢిల్లీ వెళ్లిన మనవాళ్లు చాలామంది ఎర్రకోట, కుతుబ్ మినార్ చూసి రైలెక్కేస్తారు. మీకు ఒక్క పూట ఖాళీ దొరికినా జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియంకి వెళ్లండి. మొన్న చలికాలంలో అమ్మని తీసుకెళ్లాను. టికెట్ మనిషికి 20 రూపాయలు, సోమవారం సెలవు, మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగితే దగ్గరే.

ముందు సింధు నాగరికత వస్తువులుండే హరప్పా గ్యాలరీ చూడండి. మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మని స్కూలు పుస్తకంలో చూసి చూసి కనీసం మూరెడు ఉంటుందనుకున్నాను, తీరా చూస్తే పదిన్నర సెంటీమీటర్లే, అరచేతిలో పట్టేంత. ఒక చేతికి భుజం దాకా గాజులు, ఇంకో చెయ్యి నడుం మీద, గడ్డం పైకెత్తి ఎవరికీ జంకేది లేదన్నట్టు నిలబడింది. 4,500 ఏళ్ల కిందట కంచులో పోతపోసిన ఆ పిల్ల ముందు నుంచి నాకు కదలబుద్ధి కాలేదు.

కానీ నేను ఇదంతా రాయడానికి అసలు కారణం నాగార్జునకొండ శిల్పాలు. అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలంవి, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాలవి, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి మీద బుద్ధుడి కథలు, ఒకరి మీద ఒకరు పడ్డట్టు జనం, ఏనుగులు, గుర్రాలు, ఎక్కడా వేలెడు ఖాళీ వదల్లేదు. కింద రాసిన పేరు చదవకముందే అమ్మ "ఇది మన వైపు రాయిలా ఉందే" అంది. మాది పల్నాడు, ఇంట్లో పరిచినవన్నీ మాచర్ల నాపరాళ్లే, రాయి చూస్తే ఆమెకి తెలిసిపోతుంది. ఆ శిల్పాలు చెక్కిన లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగున ఉంది. ఈ మ్యూజియం భవనానికి నెహ్రూ 1955 మే 12న శంకుస్థాపన చేశారు, అదే ఏడాది డిసెంబర్ 10న ఆయనే నాగార్జున సాగర్‌కీ చేశారు. మా తాతకి తిండి పెట్టింది ఆ కాలువ నీళ్లే, అందుకే డ్యామ్ వద్దని నేను అనలేను, కానీ ఆ రాళ్ల ముందు నిలబడితే గొంతు పట్టేసింది. మన పిల్లలకి తప్పకుండా చూపించాల్సిన చోటు ఇది.

ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వాలో దొరికిన బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు కూడా ఇక్కడే ఉన్నాయి, థాయ్‌లాండ్ వాళ్లు ఇచ్చిన బంగారు మండపంలో పెట్టారు. అమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది.

మధ్యాహ్నం నుంచి ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో ఉన్న ఆధునిక కళల గ్యాలరీ, అదే ఎన్‌జీఎంఏ. 1954లో మొదలైంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ వేసిన బొమ్మలు ఇన్ని ఒక్కచోట ఇంకెక్కడా దొరకవు. 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' ముందు కాసేపు కూర్చోండి, ఆ ముగ్గురూ ఏమీ మాట్లాడరు, కానీ పెళ్లిచూపులకి కూర్చోబెట్టిన పిల్లల మొహాలు చూసినవాళ్లకి అంతా అర్థమైపోతుంది. షేర్‌గిల్ 28 ఏళ్లకే పోయిందంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఇక్కడ బొమ్మలు మారుస్తుంటారు కాబట్టి ఏవి ప్రదర్శనలో ఉన్నాయో కనుక్కుని వెళ్లండి.

మర్నాడు వేరే మ్యూజియం ఒకటి చూశాం, పేరు రాయను. సగం లైట్లు వెలగలేదు, పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు, అమ్మ మోకాళ్ల నొప్పితో అరగంటకే బయటికొచ్చేసింది. వయసైనవాళ్లతో వెళ్తే రోజుకి రెండుకి మించి పెట్టుకోవద్దు, పొద్దున్నే తెరిచే టైముకి వెళ్లిపోండి, స్కూలు పిల్లల బస్సులు రాకముందు నాగార్జునకొండ రాళ్ల దగ్గర మీరొక్కరే ఉంటారు. ఇంకోటి, నేషనల్ మ్యూజియంని నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ అనే ప్రభుత్వ కార్యాలయ భవనాల్లో పెట్టే కొత్త మ్యూజియంలోకి తరలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది, బయల్దేరే ముందు ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో ఒకసారి చూసుకోండి.