ఏడాదిలో 325 రోజులు నిలబడి ఉండే బండి: మా పాత డీజిల్ మోటార్‌హోమ్, రెండేళ్ల తర్వాత

మా మోటార్‌హోమ్ కొని రెండేళ్లు దాటింది. ఇప్పటికి 41 వారాంతాలు అందులో గడిపాం. కొన్నప్పుడు దాని వయసు 11 ఏళ్లు, మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, 6 మీటర్ల పొడవు. పెద్ద వ్యాన్ తీసుకుని లోపల ఇల్లులా మార్చిన రకం. మేం ముగ్గురం: నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా పాప. ఎక్కువగా నేనే నడుపుతాను. దీనికి ముందు మూడు బండ్లు చూసి వదిలేశాం. ఆ మూడూ దీనికంటే కొత్తవి, చాలా తక్కువ తిరిగినవి. వాటిని ఎందుకు వదిలేశామో చెబితేనే ఇది ఎందుకు నచ్చిందో అర్థమవుతుంది.

మా తమ్ముడు డీజిల్ ఇంజిన్లు బాగుచేస్తాడు. మోటార్‌హోమ్ కొంటానని చెప్పగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, ఏడాదికి ఎన్ని రోజులు నడుపుతావు?" లెక్కేశాను. ఇరవై ట్రిప్పులు వేసినా 40 రోజులే. "అంటే మిగతా 325 రోజులు ఒకేచోట నిలబడి ఉంటుంది. నీకు ముందు వాడినవాళ్లు కూడా దాదాపు అలాగే వాడి ఉంటారు. తిరిగిన కిలోమీటర్ల సంగతి తర్వాత చూద్దాం, నిలబడ్డన్నాళ్లూ దాన్ని ఎలా చూసుకున్నారో ముందు అడుగు" అన్నాడు. ఆ మాట పట్టుకునే అన్ని బండ్లూ చూశాం.

మొదటిది తొమ్మిదేళ్ల బండి, తిరిగింది 24,000 కిలోమీటర్లు. నేను అక్కడే మనసు పారేసుకున్నాను. లోపల సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. తమ్ముడు లోపలికే రాలేదు, నేరుగా టైర్ల దగ్గర కూర్చున్నాడు. టైరు పక్క గోడ మీద డీవోటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 3214 అని ఉంది. అంటే 2014లో 32వ వారం, బండితో పాటు వచ్చిన టైర్లే. గాడి లోతు కొత్తదానిలాగే ఉంది కానీ పక్క గోడని గోటితో నొక్కితే వెంట్రుకంత సన్నని పగుళ్లు వరసగా తెరుచుకున్నాయి. మోటార్‌హోమ్ టైర్లు అరిగిపోయి కాదు, ముసలివై పోతాయి. బరువంతా ఒకే చోట మోస్తూ, ఎండకి ఎండుతూ నెలల తరబడి ఉంటాయి మరి.

టైర్లయితే మార్చుకోవచ్చు. ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా చూసే టైమింగ్ బెల్ట్ సంగతి అడిగితే ఓనరు గారు "24 వేలే కదండీ తిరిగింది, ఇంకా చాలా టైముంది" అన్నారు. అన్ని డీజిల్ ఇంజిన్లకూ బెల్ట్ ఉండదు, కొన్నిటికి చెయిన్ ఉంటుంది. ఈ బండికి బెల్టే. బెల్ట్‌కి కంపెనీ ఇన్ని కిలోమీటర్లని ఒక గడువు, ఇన్నేళ్లని ఇంకో గడువు రెండూ ఇస్తుంది. ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. అది నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ లోపలంతా దెబ్బతింటుంది. ఆయన మాకేమీ అబద్ధం చెప్పలేదు, ఆయనకి నిజంగానే తెలియదు. తొమ్మిదేళ్లలో ఆయిల్ రెండుసార్లే మార్చారు.

రెండోది చూడ్డానికి వెళ్లింది వర్షం పడిన మర్నాడు. అలాంటి రోజే వెళ్లమని నేను అందరికీ చెబుతాను. అది డ్రైవర్ నెత్తిన ఇంకో పడక ఉండే పెద్ద రకం. ముందు భాగం మాత్రమే వ్యాన్‌ది, వెనకాల గదంతా విడిగా కట్టి అతికించింది. ఇలాంటివాటిలో చాలావాటికి లోపల చెక్క చట్రం, బయట పలచని రేకు. ఆ అతుకుల్లో నింపిన సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బీటలు వారుతుంది. కిటికీల చుట్టూ, కప్పు మీది వెలుతురు కిటికీల దగ్గర, పక్కన ఎండ పరదా బిగించే పట్టీ స్క్రూల దగ్గర నీళ్లు దూరతాయి. ఒకచోట దూరి చట్రం వెంట జారి ఇంకెక్కడో తేలతాయి.

తలుపు తీయగానే గుప్పుమని అగరుబత్తీల వాసన. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పై అరల తలుపులన్నీ ఒక్కొక్కటే తీసి లోపలికి తల పెట్టి వాసన చూస్తూ వెళ్లాను. వెనక కుడి మూల అరలో మూసిపెట్టిన తడిబట్టల మూట వాసన. పైకి చూస్తే గోడ శుభ్రంగా ఉంది, కొత్త కాగితం అంటించారు. బొటనవేలితో నొక్కాను. గోడ నానిన అట్టలా లోపలికి దిగింది, వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. తమ్ముడు తెచ్చిన చెమ్మ మీటరు అక్కడ ఆనిస్తే 30 శాతం దాటింది. సాధారణంగా 15 లోపు ఉంటే భయం లేదంటారు, 20 దాటితే విప్పి చూడాలి. అంత తడి ఉందంటే లోపల చెక్క కుళ్లడం మొదలైందనే లెక్క. పరుపు కింద నేల మీద అడుగులో అడుగు వేస్తూ నడిచి చూస్తే రెండు చోట్ల మెత్తగా దిగింది. ఇంజిన్ స్టార్ట్ చేయమని కూడా అడగలేదు. ఇంజిన్ పాడైతే మార్చగలం కానీ, చట్రం కుళ్లిన గదిని బాగుచేయాలంటే మొత్తం విప్పి మళ్లీ కట్టడమే.

మూడోది నాలుగేళ్ల బండి. మేం వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంది. "మీరొస్తున్నారని ముందే స్టార్ట్ చేసి పెట్టాను" అన్నాడు ఓనరు. మంచి ఉద్దేశంతోనే అని ఉండొచ్చు. కానీ పాత డీజిల్ ఇంజిన్ రంగు బయటపడేది అది చల్లగా ఉండి, మొదటిసారి తాళం తిప్పినప్పుడే. ఇంకో మాట కూడా అన్నాడు. "బ్యాటరీ దిగకుండా ప్రతి ఆదివారం పావుగంట స్టార్ట్ చేసి ఉంచుతాం." తమ్ముడి ముఖం మారిపోయింది.

కొత్తతరం డీజిల్ బండ్లకి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది, పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. ఆ మసి మళ్లీ కాలిపోవాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. బండి రోడ్డెక్కి ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలు మంచి వేగంతో పోతేనే ఆ పని సవ్యంగా పూర్తవుతుంది. నిలబెట్టి తిప్పితే మసి చేరడమే తప్ప కాలడం ఉండదు. కాల్చడానికని ఇంజిన్ అదనంగా వదిలిన డీజిల్, పని మధ్యలో ఆగిపోతే ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, డీజిల్ వాసన కొట్టింది. యాడ్‌బ్లూ పోసే మూత చుట్టూ తెల్లని పలుకులు గట్టిపడి ఉన్నాయి. అది పొగలోని హానికర వాయువులు తగ్గించడానికి పోసే యూరియా కలిపిన నీళ్లు, వాడకుండా ఉంచితే ఏడాది తర్వాత నమ్మకం లేదు. నెలలో రెండుసార్లు, అరగంట దూరంలోనే ఉన్న చోటుకి వెళ్లొచ్చేవాళ్లు ఈ డీపీఎఫ్ సంగతి బాగా ఆలోచించుకోండి. మీకు డీజిల్ సరిపోకపోవచ్చు. మేం వెళ్లే చోట్లు కనీసం రెండు గంటల దూరం, అందుకే మాకు సరిపోయింది.

నాలుగో బండి ఓనర్లు పెద్దవాళ్లు, భార్యాభర్తలు. ఫోన్‌లోనే చెప్పారు, "ఉదయం ఏడింటికి రండమ్మా, అంతవరకు ఇంజిన్ ముట్టుకోం." వెళ్లగానే తమ్ముడు బానెట్ మీద అరచేయి పెట్టాడు. చల్లగా ఉంది. నన్నే స్టార్ట్ చేయమన్నారు. చల్లని ఇంజిన్‌ని ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగి తాళం తిప్పాను. రెండో తిరుగుడుకే అందుకుంది. వెనక తమ్ముడు సైలెన్సర్ గొట్టం దగ్గర తెల్ల కాగితం పట్టుకుని నిలబడ్డాడు. మొదటి పది సెకన్లు పలచగా తెల్లపొగ, తర్వాత ఏమీ లేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. నల్లపొగ ఆగకుండా వస్తే గాలి చాలకో, డీజిల్ ఎక్కువయ్యో. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమోనని చూడాలి. అలాంటివేమీ కనిపించలేదు.

అప్పుడు ఆవిడ లోపలికి వెళ్లి ఒక గళ్ల పుస్తకం తెచ్చారు. కొన్న రోజు నుంచి ఏ తేదీన ఎంత దూరం వెళ్లారు, ఆయిల్ ఎప్పుడు మార్చారు, బెల్ట్ ఎప్పుడు మార్చారు, గ్యాస్ గొట్టాలు ఎప్పుడు పరీక్ష చేయించారు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. "ఆరేళ్ల కిందట వెనక తలుపు దగ్గర నీళ్లు కారాయమ్మా, రబ్బరు మార్పించాం, ఇక్కడ చూడండి" అని ఆ పేజీ తీసి చూపించారు. బయట పడిన దెబ్బలు కూడా దాచలేదు. 1,38,000 కిలోమీటర్లు అప్పటిదాకా నన్ను భయపెట్టిన అంకె. ఆ పుస్తకం చూశాక భయం పోయింది. నెలనెలా దూరం తిరిగి, టైముకి ఆయిల్ తాగిన డీజిల్ ఇంజిన్‌కి అది పెద్ద వయసు కాదు.

బేరానికి ముందు ముగ్గురం పడకల మీద ఇరవై నిమిషాలు పడుకున్నాం. ఆవిడే పడుకోమన్నారు. మంచి పని చేశారు. మా ఆయన పొడగరి, అడ్డంగా పడుకుంటే పాదాలు గోడకి తగిలాయి. కొంచెం ఏటవాలుగా పడుకుంటే సరిపోయింది. ఆ ఇబ్బంది ఇప్పటికీ ఉంది, తెలిసే కొన్నాం. సీటు బెల్టులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టుకోండి. నలుగురు పడుకోగలిగి, ముగ్గురే బెల్టు పెట్టుకుని ప్రయాణించగలిగే బండ్లున్నాయి.

బరువు సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. కొన్న నెలకి సామాను, నీళ్లు నింపుకుని, ముగ్గురం ఎక్కి వేబ్రిడ్జ్ మీదికి తీసుకెళ్లాను. బండితో సహా మొత్తం ఉండదగ్గ గరిష్ఠ బరువు 3,500 కిలోలు. మాది 3,410 చూపించింది. ట్యాంకులో 100 లీటర్ల నీళ్లంటే అక్కడే 100 కిలోలు. అప్పటినుంచి 30 లీటర్లతో బయల్దేరి, చేరాక నింపుకుంటున్నాం. సైకిళ్ల స్టాండు పెట్టాలన్న ఆలోచన మానుకున్నాం.

ఇక మా బండి నన్ను ఏడిపించిన రాత్రి ఒకటుంది. మొదటి చలికాలం ట్రిప్పు. డీజిల్ హీటర్ వేసుకుని పడుకున్నాం. ఈ హీటర్ బండి ట్యాంకులోని డీజిలే తీసుకుంటుంది, గంటకి పావు లీటరు కూడా తాగదు, గది పది నిమిషాల్లో వెచ్చబడుతుంది. డీజిల్ బండి కొనడానికి నాకున్న పెద్ద కారణాల్లో అదొకటి. రాత్రి రెండింటికి చలికి మెలకువ వచ్చింది. హీటర్ ఆగిపోయింది. మళ్లీ వేస్తే ఫ్యాన్ తిరిగి, టిక్కుటిక్కుమని పంపు చప్పుడు రెండు నిమిషాలు వచ్చి ఆగిపోతోంది. వెలిగేటప్పుడు దాని గ్లో ప్లగ్ బ్యాటరీ నుంచి చాలా కరెంటు లాగుతుంది. బండి లోపలి గదికి విడిగా ఉండే ఆ బ్యాటరీ 11.3 వోల్టులకి పడిపోయింది. నిండుగా ఉన్నప్పుడు 12.7 ఉండాలి. పాపని మా ఇద్దరి మధ్య పడుకోబెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. కొనేటప్పుడు ఇంజిన్ బ్యాటరీ పరీక్షించాం కానీ, లైట్లు, ఫ్రిజ్, హీటర్ నడిపే ఈ రెండో బ్యాటరీకి లోడ్ పెట్టి చూడలేదు. అది మా పొరపాటు. ఇప్పుడు 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దానికి తగ్గ చార్జర్ పెట్టించాం. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం మొదటి రోజు నుంచీ పడక పక్కనే ఉంది. అది లేకుండా ఏ మంటా వెలిగించకండి.

నడపడం గురించి ఫిర్యాదు లేదు. ఘాట్ రోడ్డులో నిండు బరువుతో మూడో గేర్లో చప్పుడు పెంచకుండా ఎక్కుతుంది. 100 కిలోమీటర్లకి సగటున 10 లీటర్లు తాగుతోంది. వేగం పెరిగితే గిన్నెలు, అరల తలుపుల చప్పుడు ఎక్కువే. తువ్వాళ్లు కుక్కి సర్దుకున్నాం. స్నానాల గది మరీ ఇరుకు.

నిలబెట్టినప్పుడు ట్యాంకు నిండుగా ఉంచుతాం. సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ పట్టి, డీజిల్ అడుగున నీళ్లు చేరి, అందులో సూక్ష్మజీవులు పెరిగి జిగురులా ఫిల్టర్‌ని మూసేస్తాయి. ట్రిప్పు లేని నెలలో ఒక గంట రోడ్డు మీద తిప్పి తెస్తాను. కుళాయిల నీళ్ల పంపు, టైర్లు మార్చాం. టైర్లకి ఆరేళ్లు దాటాయని తెలిసే బేరం చేశాం కాబట్టి బాధపడలేదు.

ఆ గళ్ల పుస్తకంలో ఇప్పుడు నా చేతిరాత నడుస్తోంది. టైమింగ్ బెల్ట్ మార్చి వచ్చే నెలకి ఐదేళ్లు నిండుతాయని మొన్న రాసుకున్నాను. గురువారం తమ్ముడు వస్తానన్నాడు. బెల్ట్‌తో పాటు ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తిప్పే వాటర్ పంపు కూడా మార్చేస్తే మళ్లీ విప్పే పని ఉండదన్నాడు, తెప్పించి పెట్టాను.