ఆరేళ్లలో రెండు జతల క్లిప్‌లెస్ పెడళ్లు: నా రోడ్ సైకిల్‌కు చివరికి మిగిలినవి

మా ఇంట్లో నా మొదటి సైకిల్ బూట్లకు గుర్రపు డెక్కలని పేరు. పొద్దున 5 గంటలకు అవి వేసుకుని మెట్లు దిగుతుంటే టకటకమని చప్పుడు. అమ్మ లోపలి నుంచే "మెల్లగ దిగు, జారి పడ్తవ్" అనేది. ఆ బూట్లు, వాటి పెడళ్లు రెండేళ్లు వాడాను. ఇప్పుడున్న జతకు నాలుగేళ్లు నిండాయి. మాది హన్మకొండ. ఎక్కువగా ములుగు రోడ్డు, పరకాల రోడ్డు, అప్పుడప్పుడు ధర్మసాగర్ వైపు తొక్కుతాను. రేసులు లేవు, ఆదివారం 60 నుంచి 140 కిలోమీటర్లు.

బూటు పెడల్‌లో టక్కున ఇరుక్కుంటుంటే దీన్ని క్లిప్‌లెస్ అంటారేంటని నాకూ మొదట్లో అర్థం కాలేదు. పాతకాలం రేసు సైకిళ్లకు పాదం ముందు ఇనుప పంజరం, దానికి తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరం పేరు టో క్లిప్. అది లేదు కాబట్టి క్లిప్‌లెస్. స్కీ బూట్లకు పట్లు తయారుచేసే ఫ్రాన్స్ కంపెనీ లుక్ 1984లో ఈ పెడల్ తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ రేసర్ బెర్నార్ ఇనో వీటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాక రేసుల్లో పట్టీల కాలం ముగుస్తూ వచ్చింది.

నాది రోడ్ సైకిల్ కదా అని మొదట రోడ్ రకమే కొన్నాను. బూటు అడుగున మూడు బోల్టులు, వాటితో బిగించే పెద్ద ప్లాస్టిక్ క్లీట్, అంటే పెడల్‌లో ఇరుక్కునే ముక్క. తొక్కుతున్నంతసేపూ దానికి వంక పెట్టలేం. పాదం కింద వెడల్పుగా ఆనుతుంది, నాలుగు గంటలు తొక్కినా ఒకచోట నొక్కుకున్నట్టు ఉండదు. ఇబ్బందంతా ఆగినప్పుడే. మన దగ్గర ఆగకుండా తొక్కేదెక్కడ? బర్రెలు అడ్డం వస్తాయి, ఆత్మకూరు దగ్గర చాయ్ తాగాలి, టైరు పంక్చరైతే నీడ దొరికేదాకా నడిపించుకుపోవాలి. ఆ క్లీట్ బూటు అడుగు నుంచి బయటికి పొడుచుకుని ఉంటుంది, అంటే మడమ కంటే వేళ్ల వైపు ఎత్తు. రామప్పకు పోయినప్పుడు సైకిల్ పెట్టిన చోటి నుంచి గుడి దాకా నడవడమే, దాదాపు 70 కిలోమీటర్లు తొక్కడం కంటే కష్టమనిపించింది. చెప్పులు విడిచే చోట అవి విప్పి ఉత్తకాళ్లతో నేల మీద నిలబడితే ప్రాణం లేచొచ్చింది.

పైగా అలా నడిచిన ప్రతి అడుగుకూ ప్లాస్టిక్ అరుగుతుంది. నా క్లీట్లు పది నెలలు కూడా రాలేదు, అందులో సగం తొక్కి కాదు, నడిచి అరిగినవే. కొత్తవి కొన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. సైకిల్ రంగుకు కలుస్తాయని చూసి తెప్పించాను. ఆ రంగులు అందానికి కాదని మోకాలు నొప్పి పుట్టాక తెలిసింది. బూటు ఇరుక్కున్నాక మడమ పక్కలకు ఎంత కదులుతుందో రంగు చెబుతుంది. జపాన్ కంపెనీ షిమానో రోడ్ క్లీట్లలో పసుపుకు 6 డిగ్రీలు, నీలానికి 2, ఎరుపుకు సున్నా. లుక్ కంపెనీ కీయో రకంలో మాత్రం ఎరుపుకే 9 డిగ్రీలు, బూడిద రంగుకు 4.5, నలుపుకు సున్నా. రెండు కంపెనీల రంగులకు పొత్తు లేదు. నేను కొన్నవి అస్సలు కదలనివి. మూడు వారాలకు ఎడమ మోకాలి లోపలి వైపు సూది గుచ్చినట్టు నొప్పి. అవి తీసేసి, కదలిక ఉన్నవి బిగించాకే తగ్గింది. కొత్తగా కొనేవాళ్లు రంగు అడిగితే నేను కదలిక ఉన్న క్లీట్లే చెబుతాను.

రెండో జతగా షిమానో ఎం520 తీసుకున్నాను, నేను కొన్నప్పుడు 3,000 పైచిలుకు. ఇది కొండదారి సైకిళ్లకు పుట్టిన ఎస్‌పీడీ రకం. బూటుకు రెండే బోల్టులు, చిన్న ఇనుప క్లీట్, అదీ అడుగున గుంటలో దాగి ఉంటుంది కాబట్టి మామూలు బూట్లలాగే నడవొచ్చు. జత బరువు 380 గ్రాములు. రోడ్ సైకిల్‌కు ఇవేంటని మా గుంపులో నవ్వినవాళ్లున్నారు. రెండు వైపులా పట్టు ఉంటుంది కాబట్టి అదాలత్ సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే కిందికి చూడకుండా తొక్కిపోతాను. రోడ్ పెడళ్లకు పట్టు ఒకవైపే కాబట్టి ఆ నవ్వినవాళ్లు నా వెనక పెడల్‌ను కాలి వేలితో తిప్పుకుంటూ ఉంటారు.

పాదాన్ని పైకి లాగి వేగం పెంచుకోవచ్చని చాలామంది చెబుతారు. ఆరేళ్లలో నా వేగంలో ఆ తేడా నాకు కనిపించలేదు. మేలు వేరే ఉంది. ఎంత వేగంగా తిప్పినా, రోడ్డు గతుకులైనా పాదం పెట్టిన చోటనే ఉంటుంది. వానకు తడిసినా జారదు.

పడటం గురించి కూడా చెప్పాలి. అందరూ పడతారు, అదీ వేగంలో కాదు, ఆగినప్పుడు. నేను సుబేదారిలో ఆటో వెనక ఆగి, మడమ బయటికి తిప్పడం మరిచి, నరికిన చెట్టులా పక్కకు ఒరిగాను. మోచేయి గీరుకుంది, పరువు ఎక్కువ పోయింది. అప్పటి నుంచి ఆగడానికి పది గజాల ముందే ఒక కాలు విడిపిస్తున్నాను. యాసంగి కోతలప్పుడు ఇది మరీ అవసరం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా లారీ వస్తే పక్కకు తప్పుకునే చోటే ఉండదు.

అసలు భయం వేసింది ఇంకోసారి. ఆత్మకూరు దాటాక చాయ్ కోసం ఆగుతూ కుడి మడమ తిప్పాను, రాలేదు. మళ్లీ తిప్పాను. బూటు తిరుగుతోంది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఉంది. ఎడమ కాలు కింద పెట్టి వంగి చూస్తే రెండు బోల్టుల్లో ఒకటి లేదు. ఒక్క బోల్టు మీద క్లీట్ గిర్రున తిరుగుతుంటే ఇక మెలి ఎక్కడ పడుతుంది? బూటు పట్టీ విప్పి పాదం బయటికి లాగి, ఒంటికాలి మీద నిలబడ్డాను. పక్కనే వడ్లు తిరగేస్తున్న ఒక ముసలమ్మ చేతిలో పని ఆపి చూసింది. "ఏమైంది కొడుకా, గా బూటు సైకిలుకే మొల్చిందా?" నేను విషయం చెప్పబోతే, "దిగుడు రాకపోతె ఎక్కుడెందుకు బిడ్డా" అని మళ్లీ వడ్లలోకి పోయింది.

తప్పు నాదే, బిగించి ఏడాది దాటినా ఒకసారీ చూసుకోలేదు. ఇప్పుడు ప్రతి నెలా 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో బోల్టులు తడిమి చూస్తాను. బిగించే ముందు మరలకు గ్రీజు రాస్తాను. బోల్టు తల గుంటలో కొవ్వొత్తి మైనం రెండు చుక్కలు వేస్తాను. లేకపోతే ఆ గుంటలో ఇసుక గట్టిపడి, తీయాల్సినప్పుడు కీ దిగదు. పరకాల వైపు వానాకాలం రేగడి మట్టి క్లీట్ చుట్టూ పట్టేస్తే పుల్లతో గీకి తీయాల్సిందే, మూడు బోల్టుల రకానికైతే ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఎం520 డబ్బాలో వచ్చే క్లీట్ ఎస్‌హెచ్51, మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది. పడతామనే టెన్షన్ ఉన్నవాళ్లు ఎస్‌హెచ్56 విడిగా కొనుక్కోవచ్చు. అది ఇంకొన్ని దిక్కుల్లోనూ, గట్టిగా పైకి లాగినా వదులుతుంది. పట్టు బిగువు తగ్గించే మర పెడల్‌కు రెండు వైపులా ఉంటుంది. ఒకవైపే తగ్గించి రెండోది మరిస్తే ఏ వైపు తొక్కామో దాన్నిబట్టి పాదం ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. నాలుగూ ఒకేలా పెట్టుకోండి. పెడల్ బిగించేటప్పుడు ఎడమదాని మర తిరగేసి ఉంటుందని మరవొద్దు. పైనుంచి సైకిల్ ముందువైపుకు తిప్పితే రెండూ బిగుస్తాయి. మా ఊళ్లో ఒక దుకాణంలో కుర్రాడు ఎడమదాన్ని మామూలు మరలా తిప్పీ తిప్పీ పెడల్ బిగించే క్రాంక్ కడ్డీ మరనే తినేశాడు.

వీటిలోనూ లోటు ఉంది. మా తమ్ముడు చెప్పులతో సైకిల్ తీసుకుని పాల ప్యాకెట్‌కు పోతే పాదం జారి పిక్క చీరుకుంది. ఇంట్లో ఒకే సైకిల్ నలుగురు తొక్కేటట్టయితే ఒకవైపు చదును, ఒకవైపు ఎస్‌పీడీ ఉండే రకం మేలు. నాలుగైదు గంటలు దాటితే క్లీట్ ఉన్న చోట పాదం మండేది నాకు. బూటు అర సైజు పెద్దది తీసుకుని, క్లీట్‌ను మూడు మిల్లీమీటర్లు మడమ వైపు జరిపితే తగ్గింది. మే ఎండకు పాదం ఉబ్బుతుంది, పొద్దున కొలిచి కొంటే సాయంత్రానికి పట్టేస్తుంది.

మొన్న ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ లేచి తొక్కితే కుడి పాదం తనంతట తనే ఊడి వచ్చింది, క్లీట్లు అరిగాయన్నమాట. కొత్తవి తెచ్చి పెట్టాను. పాతవి తీసేముందు వాటి చుట్టూ బూటు మీద తెల్ల మార్కర్‌తో గీత గీశాను, కొత్తవి సరిగ్గా అక్కడే కూర్చోవాలి. మైనం కింద బోల్టులు ఎలా ఉన్నాయో ఆదివారం చూడాలి.