సగం తుంటితో ఆరేళ్లు

వాన మొదలైందని డాబా మీద బట్టలు తీయడానికి పరిగెత్తి జారిపడ్డాను. అప్పటికి నాకు 73. లేవబోతే కుడికాలు కదల్లేదు, పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. తుంటి దగ్గర తొడ ఎముక మెడ, అంటే పైనున్న బంతికి కిందుండే సన్నటి భాగం, విరిగిందన్నారు. అక్కడ విరిగి పక్కకి జరిగితే పైనున్న బంతికి రక్తం సరిగ్గా అందదట. అందుకే మా వయసువాళ్లకి స్క్రూలతో అతకడం కన్నా ఆ బంతిని మార్చేయడమే నయమంటారు. ఇంకాస్త కింద విరిగితే మాత్రం ఎక్కువగా రాడ్డో ప్లేటో వేస్తారు.

నాకు వేసింది సిమెంట్ బైపోలార్, అంటే ఎముక సిమెంట్‌తో బిగించే సగం మార్పిడి. బంతి లోహానిది, అది తిరిగే గిన్నె మాత్రం దేవుడిచ్చిందే. ఈ సంగతి నాకు డిశ్చార్జి కాగితం చూశాకే తెలిసింది. ఆసుపత్రివాళ్లు మా అబ్బాయిని పక్కకి పిలిచి ప్యాకేజీ ఎంతో చెప్పారు గానీ, సగమా పూర్తా అని నన్ను ఒక్క మాట అడగలేదు. తుంటి నాది కదా!

మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. మూడో నెలకి చేతికర్ర, ఆర్నెల్లకి అదీ పోయింది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తాను, ఇసకలోకి మాత్రం దిగను. మన విశాఖలో అన్నీ ఎత్తుపల్లాలే, ఎక్కడం కన్నా దిగడమే నాకు కష్టం. సింహాచలం మెట్లదారి మానేశాను, కొండ మీదకి బస్సే. కత్తిపీట అటకెక్కింది, వ్రతమైనా పెళ్లయినా నాకు కుర్చీయే. నాలుగో ఏడు నుంచి ఎక్కువ నడిస్తే గజ్జల్లో సలుపు వస్తోంది. లోహపు బంతి సొంత గిన్నెని అరగదీస్తే ఇలా ఉంటుందట. ఇప్పటికి ఓర్చుకోగలిగినంతే.

గాజువాకలో ఉండే మా బావగారికీ ఇలాగే విరిగితే గిన్నెతో సహా మార్చారు, టోటల్ అన్నమాట. ఆయనకి సలుపు లేదు, నాకన్నా చురుగ్గా నడుస్తారు. కానీ రెండో నెలలో పొట్టి స్టూలు మీద కూర్చుని, కిందపడ్డ తాళంచెవి కోసం వంగేసరికి బంతి గిన్నెలోంచి జారింది. మత్తిచ్చి మళ్లీ ఎక్కించారు. టోటల్‌లో ఈ భయం కాస్త ఎక్కువే.

ఇలా విరిగిన, 50 దాటిన దాదాపు 1,500 మందిలో సగం మార్పిడినీ టోటల్‌నీ పోల్చిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు రకాల్లోనూ ఇంచుమించు సమానమే, నూటికి ఎనిమిది మంది. నడకలో టోటల్‌ది కాస్త పైచేయి, అంతే. అందుకని, విరగక ముందు బజారు పనులన్నీ సొంతంగా చేసుకున్న మనిషయితే టోటల్ గురించి అడగండి. ఇంట్లోనే మెల్లగా తిరిగే పెద్దవాళ్లకి సగం చాలు.

సిమెంట్ అంటే మావాళ్లు భయపడ్డారు. సిమెంట్ పెట్టేటప్పుడు బీపీ పడిపోవచ్చు, గుండె జబ్బుంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. అయినా నేను సిమెంట్ వైపే. 60 దాటినవాళ్ల సగం మార్పిడి మీద 2022లో వచ్చిన అధ్యయనంలో, సిమెంట్ వేస్తే, తొడ ఎముకలోకి దింపే కడ్డీ చుట్టూ ఎముక మళ్లీ విరగడం సిమెంట్ లేనివాటికన్నా తక్కువని తేలింది.

నా అసలు కోపం వేరే ఉంది. ఎముకలు గుల్లబారాయేమో చూసి మందు మొదలుపెట్టాలని ఏడాదిదాకా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఏడాదికో ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను, రెండో తుంటి విరక్కుండా.