తెలుగులో కౌన్సెలింగ్ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టేవారికి జాగ్రత్త: ముందు మీ రాష్ట్రంలో లైసెన్సు ఉందో లేదో చూడండి

డాలస్ చుట్టుపక్కల, ముఖ్యంగా ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఉండే తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. వేరే రాష్ట్రాల్లో ఉన్నవారికీ పనికొస్తుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో "పిల్లలకు, దంపతులకు తెలుగులో కౌన్సెలింగ్, లైసెన్స్‌డ్ థెరపిస్ట్, వీడియోలో" అని ఒక ప్రకటన తిరుగుతోంది. అది చూసి మేము పన్నెండు సెషన్లకు 1,800 డాలర్లు ముందే కట్టాం. ఆ ప్రకటన ఇచ్చిన థెరపిస్టుకు టెక్సస్‌లో లైసెన్సు లేదు. ఫిర్యాదు విచారణలో ఉన్నందున పేరు రాయడం లేదు. కానీ జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడికి బయలుదేరే వేళకు గుండె దడ, రాత్రిళ్లు నిద్ర ఉండదు. పిల్లల డాక్టరు తక్కువ మోతాదులో ఆందోళన తగ్గించే మందు రాసి, దాంతోపాటు థెరపీ తప్పనిసరి అన్నారు. ఇన్సూరెన్సు జాబితాలో ఉన్నవారికి ఫోను చేస్తే ఎక్కడా ఖాళీ లేదు, నెలల తరబడి ఆగమన్నారు. అలాంటి సమయంలో తెలుగు తెలిసిన మనిషి దొరకడం ఎంత ఊరటో మీకు చెప్పనక్కర్లేదు. మార్కుల గురించి ఇంట్లో జరిగే మాటలు, తాతయ్య, నాయనమ్మల బెంగ, ఇవన్నీ మొదటి నుంచి వివరించే పని తప్పుతుంది.

మొదటి ఫోనులోనే ఆమె, "అక్కా, మీరేమీ కంగారు పడకండి, మన ఇళ్ల సంగతి మనకు తెలియదా" అన్నారు. లైసెన్సు నంబరు అడిగితే వెంటనే పది అంకెల సంఖ్య పంపారు. దాన్ని ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో వెతకమని లింకు కూడా ఇచ్చారు. వెతికితే ఆమె పేరు, చిరునామా, పక్కన "మెంటల్ హెల్త్ కౌన్సెలర్" అని నిజంగానే కనిపించింది.

ఇక్కడే అందరూ ఆగి చూడాలి. ఆ పది అంకెలు లైసెన్సు నంబరు కాదు, ఎన్‌పీఐ. వైద్య సేవల బిల్లుల కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య అది. దరఖాస్తు చేసుకునేవారు తమ వృత్తి ఏమిటో తామే నింపుకుంటారు. ఎన్‌పీఐ ఇచ్చినంత మాత్రాన లైసెన్సు ఉందని తాము ధ్రువీకరించినట్టు కాదని ఆ వెబ్‌సైటే స్పష్టంగా చెబుతుంది. ఆమె వివరాల్లో లైసెన్సు నంబరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. రాష్ట్రం అన్న గడీ ఖాళీయే. ఇది ఎవరూ గమనించరని తెలిసే ఆ లింకు పంపుతున్నారు, నాకు ఇందులో అనుమానం లేదు.

రెండో సెషన్‌లోనే వీడియోలో మా అమ్మాయికి సిరా మరకల బొమ్మలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగారు. దాన్ని రోర్షాక్ పరీక్ష అంటారు. టెక్సస్‌లో పూర్తి లైసెన్సు ఉన్న ప్రొఫెషనల్ కౌన్సెలర్లు కూడా ఆ పరీక్ష చేయకూడదు. ఆ తరహా పరీక్షలు వారి పరిధిలోకి రావని నిబంధనల్లోనే ఉంది, అది సైకాలజిస్టుల పని. ఆ తర్వాత ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందంటూ రెండు పేజీల నివేదిక ఇచ్చి, అదనంగా రుసుము తీసుకున్నారు. పరీక్షలకు ఎక్కువ సమయం ఇవ్వమని కోరుతూ ఆ నివేదికను స్కూల్లో ఇస్తే, కింద సంతకం చేసినవారి లైసెన్సు వివరాలు లేవని 504 సమన్వయకర్త (ఇలాంటి ఇబ్బందులున్న పిల్లలకు ప్రత్యేక వెసులుబాట్లు చూసే స్కూలు ఉద్యోగి) పక్కన పెట్టేశారు. ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమును తిరస్కరించింది. సేవ అందించినవారికి ఈ రాష్ట్రంలో లైసెన్సు లేదన్నది వారు రాసిన కారణం.

అన్నిటికంటే భయపెట్టింది మందుల సంగతి. "ఈ మాత్రలు అలవాటైపోతాయి, ఈ వారమే ఆపేయండి, నేను చూసుకుంటాను" అని మా అమ్మాయితో నేరుగా చెప్పారు. నేను వెంటనే పిల్లల డాక్టరుకు ఫోను చేశాను. ఆయన గట్టిగా వద్దన్నారు. ఇలాంటి మందును ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వాంతులు, నిద్రలేమి, ఆందోళన మళ్లీ ఎక్కువ కావడం లాంటివి వస్తాయని, మోతాదు తగ్గించాలన్నా తన పర్యవేక్షణలోనే జరగాలని చెప్పారు. ఆ సలహా ఇచ్చినవారి లైసెన్సు ఏమిటని అడిగారు. కౌన్సెలర్లకు మందు రాసే అధికారం లేదు, ఆపించే అధికారమూ లేదు. లైసెన్సు ఉన్న కౌన్సెలర్ అయితే, మందు గురించి సందేహం వస్తే మీ అనుమతి తీసుకుని డాక్టరుతో మాట్లాడతారు.

ఆ రోజే టెక్సస్ బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వెబ్‌సైటులో వెతికాం. కౌన్సెలర్లు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టులు, ఈ నాలుగు వృత్తుల లైసెన్సులూ ఇప్పుడు అక్కడే ఉంటాయి. 2019లో శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. పేరు కొడితే లైసెన్సు రకం, గడువు, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉంటే అవి కూడా ఉచితంగా కనిపిస్తాయి. ఆమె పేరు లేదు. తను గతంలో ఉన్నానని చెప్పిన మరో రాష్ట్రం బోర్డులో వెతికితే, అక్కడ ఒకప్పుడు అసోసియేట్ స్థాయి లైసెన్సు ఉండేదనీ, దాని గడువు ముగిసిపోయిందనీ తేలింది.

అసోసియేట్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పదాన్ని అడ్డం పెట్టుకుని చాలా జరుగుతోంది. టెక్సస్‌లో లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్, అంటే ఎల్‌పీసీ కావాలంటే 60 సెమిస్టర్ గంటల మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, జాతీయ పరీక్ష పాసవ్వాలి, రాష్ట్ర చట్టాల మీద మరో పరీక్ష రాయాలి. ఆపైన ఎల్‌పీసీ అసోసియేట్‌గా సూపర్‌వైజరు కింద కనీసం 18 నెలలు, 3,000 గంటలు పనిచేయాలి. అందులో 1,500 గంటలు నేరుగా మనుషులతో కూర్చుని చేసిన కౌన్సెలింగ్ అయి ఉండాలి. అసోసియేట్ దగ్గరికి వెళ్లడం తప్పేమీ కాదు. ఫీజు తక్కువ, శ్రద్ధ ఎక్కువ ఉన్నవారు ఎందరో ఉన్నారు. కానీ అసోసియేట్ ప్రకటనలో సూపర్‌వైజరు పేరు తప్పనిసరిగా ఉండాలి. ఆ పేరు లేకపోతే అక్కడే అనుమానించండి.

ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారికి పేర్లు మారతాయి. న్యూజెర్సీ, జార్జియా, వర్జీనియాల్లో కూడా ఎల్‌పీసీ అనే అంటారు. న్యూయార్క్, ఫ్లోరిడా, మసాచుసెట్స్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ (లైసెన్స్‌డ్ మెంటల్ హెల్త్ కౌన్సెలర్), కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ క్లినికల్ కౌన్సెలర్). కౌన్సెలర్లకు లైసెన్సు చట్టం మొదట చేసింది వర్జీనియా, 1976లో. చివరగా చేసింది కాలిఫోర్నియా, 2009లో. అందుకే ఒక్కో చోట ఒక్కో నిబంధన. టెక్సస్‌లో 3,000 గంటలైతే న్యూజెర్సీలో 4,500. కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీలు దంపతులకు, కుటుంబాలకు చికిత్స చేయాలంటే విడిగా శిక్షణ చూపాలి. లైసెన్సు ఉందా అన్నదే కాదు, ఆ లైసెన్సు కింద ఏ పని చేయవచ్చో కూడా అడగాలి.

వీడియో సెషన్లలో లెక్కకు వచ్చేది థెరపిస్టు ఎక్కడ కూర్చున్నారన్నది కాదు, మీరు ఎక్కడ కూర్చున్నారన్నది. మా అమ్మాయి ఫ్రిస్కోలో కూర్చుంటే టెక్సస్ చట్టమే వర్తిస్తుంది. ఇప్పుడు మేము చూపిస్తున్న థెరపిస్టు ప్రతి వీడియో మొదట్లోనూ "ఇప్పుడు నువ్వు ఏ ఊళ్లో ఉన్నావు, ఏ చిరునామాలో ఉన్నావు" అని అడిగి రాసుకుంటారు. చట్టం కోసమూ, అత్యవసరమైతే సాయం పంపడానికీ. ముందటి మనిషి ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు. "వేసవిలో మీరు హైదరాబాద్ వెళ్లినా అక్కడి నుంచి చేసేద్దాం" అని అదొక సదుపాయంలా చెప్పారు.

కౌన్సెలింగ్ కాంపాక్ట్ అని కొందరు చెబుతారు. అది ఒక రాష్ట్రంలో లైసెన్సున్న కౌన్సెలర్లు ఇతర రాష్ట్రాల్లోనూ పనిచేసేందుకు రాష్ట్రాల మధ్య ఒప్పందం, పది రాష్ట్రాలు చట్టం చేయడంతో 2022లో కుదిరింది. ఒప్పందంలో రాష్ట్రం చేరినంత మాత్రాన కౌన్సెలరుకు హక్కు రాదు. మీరున్న రాష్ట్రంలో పనిచేసేందుకు విడిగా అనుమతి తీసుకోవాలి. అసోసియేట్లకు అది వర్తించదు. అలాగే భారతదేశంలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు అక్కడ అర్హులే, వారి చదువును తక్కువ చేయడం లేదు. ఆ నమోదు టెక్సస్‌లో ఉన్న పిల్లకు చికిత్స చేయడానికి మాత్రం చెల్లదు.

మేము నిలదీసినప్పుడు ఆమె చూపించింది ఒప్పందం చివరి పేజీలోని ఒక వాక్యం: ఇవి వెల్‌నెస్ కోచింగ్ సేవలు, చికిత్స కాదు. ప్రకటనలో థెరపిస్టు, ఫోనులో కౌన్సెలర్, నివేదికలో జబ్బు పేరు, ఒప్పందంలో కోచ్. కోచ్‌గా పనిచేయడానికి లైసెన్సు అక్కర్లేదు. చదువు ప్రణాళికకో, ఉద్యోగం మారడానికో కోచ్ దగ్గరికి వెళ్లేవారిని నేను తప్పు పట్టను. కానీ టెక్సస్‌లో లైసెన్సు లేకుండా ప్రొఫెషనల్ కౌన్సెలింగ్ చేయడం చట్టవిరుద్ధం. చివరి పేజీలో ఒక వాక్యం రాసుకుంటే పిల్లకు జబ్బు పేరు పెట్టి మందులు ఆపించే పని కోచింగ్ అయిపోదు.

లైసెన్సు లేకపోతే పోయేది ఇన్సూరెన్సు డబ్బు ఒక్కటే కాదు. సెషన్ల రికార్డులు అడిగితే లేవన్నారు. లైసెన్సు ఉన్నవారు రికార్డులు ఉంచి తీరాలి, చెప్పిన మాటల గోప్యత కాపాడాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలో మొదటే తెలియజేయాలి. తల్లిదండ్రులు విడిపోయి కోర్టు ఉత్తర్వు ఉన్న ఇంట్లో, ఆ ఉత్తర్వు కాపీ చూడకుండా పిల్లలతో కౌన్సెలింగ్ మొదలుపెట్టకూడదు. సొంతంగా డబ్బు కట్టేవారికి ఎంత ఖర్చవుతుందో ముందే రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలని 2022 జనవరి 1 నుంచి కేంద్ర చట్టం ఉంది. రాత్రిపూట ప్రమాదం వస్తే ఎవరికి ఫోను చేయాలో కూడా మొదటి రోజే చెబుతారు. మాకు అదీ చెప్పలేదు. ఆత్మహత్య ఆలోచనలు వస్తే 988కి ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, సందేశమూ పంపవచ్చు. ఇంట్లో పిల్లలందరికీ ఈ నంబరు తెలిసి ఉండాలి.

స్కూలు కోసం నివేదిక కావాలనుకునేవారికి ఒక మాట. బయట వందల డాలర్లు పోసే ముందు స్కూలుకే రాతపూర్వకంగా అడగండి. ప్రత్యేక విద్య కింద పరీక్షించమని అడిగితే టెక్సస్‌లో 15 పాఠశాల పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. మీరు సమ్మతి సంతకం చేశాక సాధారణంగా 45 పాఠశాల పనిదినాల్లో ఉచితంగా పరీక్ష పూర్తి చేయాలి. మేము ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నాం.

డబ్బు సంగతి: జెల్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే సేవ) ద్వారానే పంపమని ఆమె పట్టుబట్టారు. బ్యాంకును అడిగితే మీరే పంపారు కాబట్టి వెనక్కి తేలేమన్నారు. క్రెడిట్ కార్డు తీసుకోనని చెప్పే థెరపిస్టు దగ్గర ప్యాకేజీ మొత్తం ముందే కట్టకండి, సెషనుకు సెషను కట్టండి. టెక్సస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాం, ఆ మరో రాష్ట్రం బోర్డుకూ రాశాం, తప్పుడు ప్రకటన అని టెక్సస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికీ పంపాం. 20,000 డాలర్ల వరకు వివాదాలను జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే వేసుకోవచ్చు కనుక అక్కడికీ వెళ్తున్నాం.

మేము అడిగిన కొద్ది రోజులకే ఆ ప్రకటనలో "లైసెన్స్‌డ్" అన్న మాట పోయి "సర్టిఫైడ్" వచ్చింది. పాత ప్రకటన, ఆమె పంపిన పది అంకెల సంఖ్య, జెల్ రసీదు, నివేదిక మీ ఫోనులో ఉంటే తొలగించకండి. స్క్రీన్‌షాట్లు తీసి తేదీతో సహా దాచి, మీ ఫిర్యాదు మీరే విడిగా పంపండి. ఫిర్యాదు పత్రం ఎలా నింపాలో తెలియకపోతే నాకు సందేశం పెట్టండి, మేము నింపిన తీరు చూపిస్తాను.