బరంపురం తేమలో ఎల్‌పీ రికార్డులు: కార్బన్ ఫైబర్ బ్రష్ ఎలా పనిచేసింది?

గోపాలపూర్ సముద్రం దగ్గర కావడంతో బరంపురంలో వానాకాలం వచ్చిందంటే ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) కవర్లకు బూజు పట్టేస్తుంది. నాన్నగారి హెచ్‌ఎంవీ రికార్డుల కోసం ఆన్‌లైన్‌లో సన్నటి కార్బన్ పోగుల కుచ్చు ఉన్న ఈ బ్రష్ తెప్పించాను. పొడి దుమ్ము తీయడంలో దీనికి తిరుగులేదు. రికార్డు తిరుగుతుండగా కుచ్చు కొసలు గాడులకు ఆనీ ఆననట్టు పట్టుకుని, రెండు చుట్లయ్యాక మెల్లగా అంచు వైపు లాగేయాలి. గట్టిగా నొక్కకూడదు. స్టాటిక్ (స్థిర విద్యుత్) తగ్గి, పాట మధ్యలో వచ్చే చిటపటలు చాలావరకు పోయాయి. నాలుగు స్టార్లు దీనికే.

బూజుకు, వేలిముద్రల జిడ్డుకు మాత్రం ఇది చాలదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడుస్తాను. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్లు వద్దే వద్దు, ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి.

బ్రష్‌తో పాటు ఇచ్చిన క్లీనింగ్ ద్రవం సీసా మీద అందులో ఏముందో రాయనేలేదు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులకు స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది, అందులో స్పిరిట్ ఉందో లేదో తెలియనప్పుడు ఏ ధైర్యంతో వాడతాం? సీసా పక్కన పడేశాను.

తుడిచినవి పూర్తిగా ఆరాకే కొత్త లోపలి కవర్లలో వేసి నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి.