ఎస్‌పీఎల్‌ని పిల్లలే ఎన్నుకోవాలా, సార్లు పెట్టాలా, పనులే పంచాలా: ఏది మేలు?

జూన్ 12న బడి తెరుస్తారు. అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫారాల హడావుడి తగ్గేసరికి జులై వస్తుంది. అప్పుడు స్టాఫ్‌రూంలో "ఈసారి ఎస్‌పీఎల్ ఎవరు?" అనే మాట మొదలవుతుంది. ఎస్‌పీఎల్ అంటే స్కూల్ ప్యూపిల్ లీడర్, బడి మొత్తానికి విద్యార్థి నాయకుడు. వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు వైపు ఉన్నత పాఠశాలల ముందు మూడు దారులున్నాయి. టీచర్లే కూర్చుని ఒకరి పేరు ఖాయం చేయడం ఒకటి. నామినేషన్లు, గుర్తులు, బ్యాలెట్ పెట్టెతో ఎన్నిక జరపడం రెండోది. నాయకుడంటూ లేకుండా భోజనం, మంచినీళ్లు, లైబ్రరీ, ఆటలు అని కమిటీలు వేసి పనులు పంచడం మూడోది.

ఏ దారి పట్టినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. బ్యాడ్జీ పెట్టుకున్న పిల్ల సోమవారం పొద్దున బడికొచ్చి ఏం చేస్తుంది? ఇది కాగితం మీద రాసుకోకుండా ఎన్నిక పెడితే పదవి ఉంటుంది, పని ఉండదు. పని లేని లీడర్‌కి చివరికి దక్కేది బోర్డు మీద "మాట్లాడినవారు" అని పేర్లు రాసే పని. ఆ పేర్లున్నవాళ్లకు దెబ్బలో తిట్లో పడతాయి. ఆ రోజు నుంచి ఆమెను తోటి పిల్లలు తమ మనిషిగా చూడరు. విద్యార్థి సంఘాలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. అందుకే జులై రెండో వారంలోనే పదవుల పట్టిక కాకుండా పనుల పట్టిక తయారు చేయాలి: ఏ పని, ఏ రోజు, ఎంతసేపు, ఎవరికి చెప్పాలి. ఒక్కో పనికి రోజుకు పదిహేను నిమిషాలు దాటకూడదు.

సార్లే పెడితే

పది నిమిషాల్లో తేలిపోతుంది, గొడవ ఉండదు. అరవై మంది కూడా లేని బడికి, లేదా మధ్యలో ఎస్‌పీఎల్ వేరే ఊరు వెళ్లిపోయిన సందర్భానికి ఇది చాలు. చిక్కేమిటంటే ఎప్పుడూ ఒకే రకం పిల్లలు ఎంపికవుతారు: మార్కులొచ్చేవాళ్లు, ప్రార్థనలో గట్టిగా ప్రతిజ్ఞ చెప్పేవాళ్లు, టీచర్ ఇంటి పక్కవాళ్లు. వెనక బెంచీ పిల్లవాడు బాత్రూంలో నీళ్లు రావట్లేదని వాళ్లకు చెప్పడు, ఎందుకంటే వాళ్లు సార్ మనుషులు. నియమించక తప్పకపోతే కనీసం ఒక పని చేయండి. తరగతికి రెండు పేర్లు పిల్లలనే చీటీల మీద రాసివ్వమనండి, ఆ పేర్లలోంచే ఎంచండి, ఎందుకు ఎంచారో రెండు వాక్యాల్లో నోటీసు బోర్డు మీద పెట్టండి. ఊళ్లో కులం మాట, వాడకట్టు మాట పుట్టకుండా ఆ రెండు వాక్యాలే ఆపుతాయి.

ఓటు పెడితే

నూట యాభై మందికి మించిన బడిలో మా మొగ్గు ఓటు వైపే. కాకపోతే చాలాచోట్ల దీన్ని ఒక రోజు వేడుకగా చేసి వదిలేస్తారు, ఎక్కడ తప్పుతుందో చూడరు.

మొదటి తప్పు, అబ్బాయి ఎస్‌పీఎల్, అమ్మాయి ఏఎస్‌పీఎల్ (అసిస్టెంట్ ఎస్‌పీఎల్) అని ముందే రాసిపెట్టుకోవడం. అమ్మాయిలే ఎక్కువున్న సర్కారు బడుల్లో కూడా ఇదే నడుస్తోంది. దీనికి తేలికైన విరుగుడుంది. ఒకే బ్యాలెట్‌లో రెండు వరుసలు పెట్టండి, ఒకదాంట్లో అమ్మాయిలు, ఇంకోదాంట్లో అబ్బాయిలు. ప్రతి ఓటరూ ఒక్కో వరుసలో ఒకరికి టిక్కు పెడతారు. ఇద్దరు విజేతల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వారు ఎస్‌పీఎల్, రెండోవారు ఏఎస్‌పీఎల్. వరుసకు ముగ్గురికి మించి అభ్యర్థులు వద్దు. ఐదారుగురు నిలబడితే ఇరవై శాతం ఓట్లతో గెలిచిన లీడర్ మాట మిగతా ఎనభై శాతం పిల్లలు వినరు.

రెండో తప్పు, ఊరి ఓటు. మూడు నాలుగు పల్లెల నుంచి పిల్లలొచ్చే బడిలో ఒకే బస్సు ఎక్కేవాళ్లంతా ఒకరికే వేస్తారు. దీన్ని పూర్తిగా ఆపలేం, పలచన చేయగలం. ప్రతి అభ్యర్థీ ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులకూ వెళ్లి మూడేసి నిమిషాలు మాట్లాడాలి, రెండేసి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆరో తరగతి పిల్లల ప్రశ్నలే గట్టిగా ఉంటాయి, వాళ్లను మొహమాటం ఆపదు. తరగతి ప్రతినిధులు మాత్రమే ఓటేసి ఎస్‌పీఎల్‌ని ఎన్నుకునే పద్ధతి కూడా ఉంది. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది కానీ ఓటర్లు పది ఇరవై మందే ఉంటే నాలుగు సమోసాలతో ఫలితం మారిపోతుంది. అందరూ ఓటేయడమే మేలు.

ఖర్చు విషయంలో కాలేజీల అనుభవం పనికొస్తుంది. 2006లో విద్యార్థి సంఘ ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ కాలేజీ, యూనివర్సిటీ ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదనీ, అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే వాడాలనీ చెప్పింది. హైస్కూల్లో డబ్బు మాటే వద్దు. మనిషికి రెండు చార్టులు, అవి కూడా బడే ఇవ్వాలి. చాక్లెట్లు, పెన్నులు పంచితే నామినేషన్ రద్దవుతుందని ఫారం మీదే రాసి, పిల్లలతో పాటు అమ్మానాన్నల సంతకం కూడా తీసుకోవాలి. హామీలు మూడే, మూడూ లీడర్ చేతిలో ఉన్నవే అయి ఉండాలి. "విహారయాత్రకు తీసుకెళ్తా" అన్నది హామీ కాదు, అది పెద్దసారు చేతిలోది. "మధ్యాహ్నం ఆరో తరగతి వాళ్లను లైన్లో ముందు నిలబెడతా" అన్నది హామీ.

ఇక పోలింగ్ లెక్క. 240 మంది పిల్లలుంటే ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే 30 కాగితాలు సరిపోతాయి, పాడయ్యేవాటికి రెండు అదనం. చదవడం నెమ్మదిగా వచ్చే పిల్లల కోసం పేరు పక్కన గుర్తు ఉండాలి. స్కెచ్ పెన్ను వద్దు, తడి ఇంకు మడతలో అవతలి పేరు మీద అంటుకుని ఓటు చెల్లకుండా పోతుంది. బాల్ పెన్ను పెట్టండి. ఒక్కో ఓటుకు పాతిక సెకన్లు వేసుకుంటే రెండు పోలింగ్ బూత్‌లతో 50 నిమిషాలు పడుతుంది. వేలికి ఇంకు పెట్టడం పిల్లలకు ముచ్చటే కానీ అసలు లెక్క హాజరు రిజిస్టర్ నకలులో టిక్కే. ఫోన్‌లో ఓటింగ్ యాప్ పెట్టి ఈవీఎంలా నడపొచ్చు, ఫలితం చిటికెలో వస్తుంది. అయినా మేం కాగితాన్నే ఎంచుతాం. ఓడిన పిల్ల "మళ్లీ లెక్కపెట్టండి సార్" అంటే ఫోన్‌లో చూపించడానికేమీ ఉండదు, కాగితమైతే ఆమె ముందే కట్టలు విప్పి లెక్కపెట్టొచ్చు. సమానంగా వస్తే చీటీ తీయడమే. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లోనూ అదే చట్టం.

మైకులో గెలిచినవాళ్ల పేర్లు మాత్రమే చెప్పండి. ఎవరికెన్ని వచ్చాయో అభ్యర్థులకు విడిగా చూపిస్తే చాలు. నాలుగు ఓట్లొచ్చిన పిల్లవాడి అంకె అందరి ముందూ చదివితే ఆ అంకే ఏడాదంతా వాడి పేరవుతుంది.

తొమ్మిదా, పదా?

పద్ధతి కన్నా దీని మీదే ఎక్కువ ఆలోచించాలి. పదో తరగతి వాళ్లే పెద్దవాళ్లు కాబట్టి వాళ్లకే ఎస్‌పీఎల్ అనడం ఆనవాయితీ. కానీ చలికాలం మొదలయ్యేసరికి వాళ్లకు పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆగస్టు 15 నాటికి బ్యాడ్జీ పెట్టుకున్న పిల్ల డిసెంబరుకల్లా కనిపించదు. అంటే చేతికొచ్చేది నాలుగు నెలలు, అందులో దసరా, బతుకమ్మ సెలవులు పోతాయి. తొమ్మిదో తరగతి నుంచి ఎన్నుకుంటే జులై నుంచి మళ్లీ జులై దాకా పూర్తి ఏడాది దొరుకుతుంది. పదికి వెళ్లాక తర్వాతివాళ్లకు పని చూపించి తప్పుకుంటారు. పదో తరగతి వాళ్లకు చిన్నతనంగా ఉంటుందనేది నిజమే. పోలింగ్ అధికారులుగా వాళ్లనే పెట్టండి, ఆ గౌరవం నిలబడుతుంది.

కమిటీలు వేస్తే

వంద లోపు పిల్లలున్న బడికి ఇదే సరైనది. గురుకులాలు, కేజీబీవీల్లో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో) ఎన్నికతో పాటు ఇది తప్పనిసరి, ఎందుకంటే అక్కడ పిల్లలు తినేదీ పడుకునేదీ బడిలోనే. కమిటీకి ఐదుగురు, ఆరు వారాలకోసారి ముగ్గురు మారాలి, ఇద్దరు ఉండాలి. ఐదుగురినీ ఒకేసారి మారిస్తే పని తెలిసినవాళ్లుండరు. కన్వీనర్ లేకపోతే ఎవరికి వారు పక్కవాళ్లు చూస్తార్లే అనుకుంటారు, కుళాయి కారుతూనే ఉంటుంది.

భోజన కమిటీ ఏం చేయాలి? బెల్లుకు పది నిమిషాల ముందు చేతులు కడిగే చోట నీళ్లు, సబ్బు చూడాలి. లైను నిలబెట్టాలి. గుడ్డు ఇచ్చే రోజు హాజరు సంఖ్యా, గుడ్ల సంఖ్యా సరిచూడాలి. కూర చాలకపోతే రాసిపెట్టాలి. రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం చేయడం టీచర్ల పని, పిల్లల మీద వేయకూడదు. వేడి గంజులు ఎత్తడం, ఊడ్చడం, స్టాఫ్‌కి చాయ్ తేవడం, ఇవేవీ సంఘం పనులు కావు. తప్పు చేసినవాణ్ని శిక్షించడం అసలే కాదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం టీచరే కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. ఆ పనిని లీడర్ చేతికిస్తే చట్టం పక్కకు పోదు.

బాధ్యత చూసే టీచర్ ఎవరు?

మామూలుగా సోషల్ సార్‌కి, లేదంటే పీఈటీకి (ఆటల టీచర్‌కి) అప్పజెప్తారు. సోషల్ టీచర్‌కు ఎన్నిక పాఠంతో కలిసొస్తుంది. పీఈటీకి అన్ని తరగతుల పిల్లలూ తెలుసు, కానీ మండల స్థాయి ఆటల పోటీలప్పుడు బడిలో ఉండరు. పెద్దసారు మాత్రం వద్దు. అర్జీ పెట్టేదీ తీర్పు చెప్పేదీ ఒకే గదిలో అయితే పిల్లలు నోరు విప్పరు. ఒక్కరి కన్నా ఇద్దరు మేలు, అందులో ఒకరు మేడమ్. ఒకరు బదిలీ అయినా, పరీక్షల డ్యూటీకి పోయినా రెండోవారు ఉంటారు. అంతకన్నా ముఖ్యం, కొన్ని మాటలు ఆడపిల్లలు మేడమ్‌కే చెప్తారు.

నెలకు రెండు శుక్రవారాలు, చివరి పీరియడ్ సమావేశం. అందులో టీచర్ మాట్లాడేది మొదటి ఐదు నిమిషాలే. ఫిర్యాదుల పెట్టె తాళం ఇద్దరి దగ్గరా ఉండాలి, ప్రతి శుక్రవారం ఇద్దరూ కలిసే తెరవాలి. పిల్లల ముందు తెరవకూడదు. లోపల ఏముంటుందో తెలియదు. ఎవరైనా పిల్ల "ఎవరికీ చెప్పనంటే చెప్తా మేడమ్" అంటే ఆ మాట ఇవ్వొద్దు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం, సెక్షన్ 19 చెబుతోంది. చెప్పకపోవడం కూడా నేరమే. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెప్తాను" అనడం నిజాయతీ. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు ప్రతి తరగతి గోడ మీద ఉండాలి.

డబ్బు పిల్లల చేతిలో రాత్రి ఉండకూడదు. సెప్టెంబర్ 5న స్వయం పరిపాలన దినోత్సవానికి తలా ఇంత అని వసూలు చేసే అలవాటు ఉంటే మానేయడం మంచిది. ఇవ్వలేని పిల్లల పేర్లు బయటపడతాయి. ఆ రోజు చీర కట్టుకుని టీచరైన అమ్మాయి ఎంతో సంబరంగా ఉంటుంది, ఆ సంబరం విలువైనదే. కానీ ఒక రోజు పాఠం చెప్పడాన్ని, ఏడాది పొడుగునా సంఘం నడపడాన్ని ఒకటిగా లెక్కేయకండి.

పిల్లలకు ఏం దక్కుతుంది?

తల్లిదండ్రులు అడిగేది సర్టిఫికెట్ గురించి. బాసర ట్రిపుల్‌ఐటీ పదో తరగతి ఫలితాన్ని చూస్తుంది, పాలిటెక్నిక్ పాలిసెట్ ర్యాంకును చూస్తుంది. ఎస్‌పీఎల్ అయినందుకు కలిసే మార్కులేవీ లేవు. ఆ ఆశ పెట్టి పిల్లల్ని నిలబెట్టకూడదు. దక్కేది వేరే. సాయంత్రం బస్సు బడి విడవక ముందే వెళ్లిపోతోందనుకోండి. నర్సంపేట లేదా పరకాల డిపో మేనేజర్‌కి పిల్లలే అర్జీ రాస్తారు: ఏ రూటు, ఇప్పుడు ఎన్నింటికి పోతోంది, బడి ఎన్నింటికి విడుస్తారు, ఏ ఊరి పిల్లలు ఎంతమంది, పాసులు ఎన్ని, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా పంపితే చాలు. "బస్సు సరిగా రావట్లేదు" అని రాస్తే మేనేజర్ ఏమీ చేయలేరు, "4:20 బదులు 4:40కి పంపండి, 37 మంది ఎక్కుతారు" అని రాస్తే చేయగలరు. పెద్దసారు కవరింగ్ లెటర్ జతచేసి, ఒక నకలు ఫైల్లో పెట్టుకుని, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ రాయాలి, మొదటి అర్జీ తేదీ వేసి.

ఆ ఫైలూ, మినిట్స్ పుస్తకమూ బీరువాలో కాకుండా లైబ్రరీలో ఉండాలి. ప్రతి సమావేశానికీ ఒక పేజీ: తేదీ, వచ్చినవాళ్లు, ఒప్పుకున్న పని, ఎవరు చేస్తారు, ఎప్పటికి. తర్వాతి సమావేశం ఆ పేజీ చదవడంతోనే మొదలుకావాలి. కొత్త ఎస్‌పీఎల్‌కి జులైలో బ్యాడ్జీ కన్నా ముందు ఇవ్వాల్సింది ఆ పుస్తకం, పూర్తికాని పనుల దగ్గర ఎర్ర గీత పెట్టి.