రెండు ఆబ్జెక్టుల్లో ఉమ్మడి పేర్లు పట్టుకోవడానికి సెట్ ఇంటర్‌సెక్షన్: నా వాడకంలో

గుంటూరు దగ్గర ఓ ఎరువుల దుకాణానికి జావాస్క్రిప్ట్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. సరుకు దిగినప్పుడు కంపెనీ ఇన్‌వాయిస్ నుంచి ఒక ఆబ్జెక్ట్ (పేర్లు, వాటి విలువలు ఉండే కట్ట) వస్తుంది, షాపు స్టాక్ రిజిస్టర్ నుంచి ఇంకొకటి. రెండింటినీ మూడు చుక్కల స్ప్రెడ్‌తో (ఆబ్జెక్టులోవన్నీ కొత్తదాంట్లోకి పరిచే గుర్తు) ఒకటిగా కలిపేదాన్ని. కిందటి ఖరీఫ్‌లో ఓ సాయంత్రం షాపాయన ఫోన్ చేశారు: "ఏమ్మా, పురుగుమందు కొన్న ధరకే బిల్లు కొడుతోందేంటి?"

చూస్తే రెండు ఆబ్జెక్టుల్లోనూ 'రేట్' ఉంది. మా దాంట్లో అది అమ్మే ధర. కంపెనీ ఫైల్లో అంతకుముందు 'బేసిక్ రేట్' అని వచ్చే పేరు ఆ వారం ఒట్టి 'రేట్' అయింది. స్ప్రెడ్‌లో ఒకే పేరు రెండుసార్లు వస్తే వెనక వచ్చినదే నిలుస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అలా పదకొండు బిల్లులు వెళ్లిపోయాయి. ఆయన ఒక్క మాట అనలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి, కలిపే ముందే రెండింట్లో ఉన్న ఉమ్మడి పేర్లు తీసి చూస్తున్నాను. ఆ పనికి ఇప్పుడు నాకు నచ్చినది సెట్‌కి (ఒక్కో విలువ ఒక్కసారే ఉండే గుంపు) వచ్చిన ఇంటర్‌సెక్షన్ మెథడ్, రెండు సెట్లలోనూ ఉన్నవే తీసి ఇస్తుంది. జావాస్క్రిప్ట్ 2025 ప్రమాణంలో ఇది చేరింది. ఆబ్జెక్ట్ డాట్ కీస్‌తో రెండింటి పేర్లూ తీసి, రెండు సెట్లు కట్టి, ఒకదాని మీద ఇంటర్‌సెక్షన్ పిలిచి రెండోదాన్ని ఇస్తే చాలు. ఆరు నెలల తర్వాత ఆ లైను మళ్లీ చదివినా ఏం చేస్తుందో ఇట్టే తెలుస్తుంది. రెండోది సెట్టో, మ్యాపో, సెట్ లాంటిదో అయి ఉండాలి. అర్రే (మామూలు లిస్టు) ఇస్తే టైప్ ఎర్రర్ కొడుతుంది, మొదటిరోజు నాకు అదే తగిలింది.

ఇంతకుముందు లోడాష్ వాడేదాన్ని. 2012 నుంచి ఉన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ (సిద్ధంగా రాసిపెట్టిన ఫంక్షన్ల కట్ట), దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ దాని కీస్ ఫంక్షన్‌కి నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తే ఖాళీ లిస్టు వస్తుంది. ఇన్‌వాయిస్ అసలు రాకపోయినా "ఉమ్మడి పేర్లేం లేవు" అన్నట్టే ఉంటుంది. జావాస్క్రిప్ట్ సొంత ఆబ్జెక్ట్ డాట్ కీస్ అయితే నల్ దగ్గరే ఆగి ఎర్రర్ ఇస్తుంది. డబ్బు లెక్కల్లో నాకు ఆగిపోయేదే కావాలి.

ఫలితంలో పేర్ల వరుస మాత్రం ఇబ్బంది పెట్టింది. రెండు సెట్లలో ఏది చిన్నదైతే దాని వరుసలోనే పేర్లు వస్తాయి. లోడాష్‌లో ఎప్పుడూ మొదట ఇచ్చినదాని వరుసే. నా రిపోర్టులో వరుస ముఖ్యం కాబట్టి చివర్లో సార్ట్ చేసుకుంటున్నాను. ఇంకొకటి, ఇది పై అంచె పేర్లే చూస్తుంది. 'పన్ను' లోపల ఉన్న సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ దాకా వెళ్లాలంటే మనమే లోపలికి దిగాలి.

అసలు చిక్కు షాపులో ఎదురైంది. ఈ మెథడ్‌కి క్రోమ్ 122 కావాలి, సఫారీ అయితే 17, ఫైర్‌ఫాక్స్ 127, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ అయితే 22. కౌంటర్ మీది సిస్టమ్ విండోస్ 7, దానికి క్రోమ్ 109 తర్వాత వెర్షన్లు రావు. అక్కడ మాత్రం మొదటిదాని కీస్ తీసుకుని, ఆబ్జెక్ట్ డాట్ హాజ్ఓన్‌తో రెండోదాంట్లో ఉందో లేదో చూస్తూ ఫిల్టర్ చేశాను. పాతదైనా నమ్మకంగా పనిచేస్తోంది. కొందరు హాజ్ఓన్ బదులు 'ఇన్' వాడతారు, దయచేసి వాడకండి. 'టుస్ట్రింగ్', 'కన్‌స్ట్రక్టర్' లాంటివి మనం పెట్టకపోయినా ఉన్నాయనే చెబుతుంది.

ఐటమ్ కోడ్, బ్యాచ్ నంబర్ రెండింట్లోనూ ఉండాల్సినవే, వాటిని వదిలేస్తాను. ఇంకే పేరు కలిసినా సాఫ్ట్‌వేర్ సరుకు ఎక్కకుండా ఆపి, ఆ పేరును స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో చూపిస్తుంది. పోయిన వారం 'డిస్కౌంట్' అలా దొరికింది. షాపాయన ఫోన్‌లో ఆ పేరు చదివి వినిపించారు. ఒక్క బిల్లు కూడా తప్పు పోకముందే సరిచేశాను.